మనమే గారి బూడిద రంగు

“కారు సీటు కూడా పీకేశారా? సీటెందుకు పీకారు? సీటుకేం రంగు వేస్తారు?”

“సీటుకి కాదు. సీటు పక్కన గడప మీద ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దానికి వెయ్యాలి. సీటు తియ్యకపోతే చెయ్యి పట్టదు.”

“ఆ పట్టీ ఎవరికి కనబడుతుందండీ, చీమలకా?”

“కనబడకపోతే మురిగ్గా ఉండొచ్చా? నీ పద్ధతే అంత. గుడ్డ పైకి తెల్లగా ఉంటే చాలు, మడతలో ఏమున్నా నీకు పట్టదు.”

“గుడ్డల సంగతి మాత్రం నాకు చెప్పకండి. ఆసుపత్రిలో నేను ఉతికిన దుప్పట్ల మీద మనుషుల్ని కోసి కుడతారు.”

మేడ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్న తమ్ముడికి కింద షెడ్డు దగ్గర్నుంచి అక్కాబావల పోట్లాట అక్షరం పొల్లుపోకుండా వినబడుతోంది. వినకూడదనుకుంటే గదిలోకి వెళ్లి తలుపేసుకోవచ్చు. వెళ్లలేదు. కాలేజీ మానేసి అక్క ఇంటి మేడ మీద గదిలో చేరాక అతనికి దొరుకుతున్న ఉచిత విద్య ఇదొక్కటే.

“సోమవారం తెల్లవారుజామున అయిదింటికి నేను డ్యూటీలో ఉండాలి. ఇవాళ శనివారం,” అంది అక్క.

“రంగు ఆరొద్దూ? ఆరబెట్టేది నేనా, గాలా?”

“మొదటిసారి వేసింది ఆరింది. గీకేశారు. రెండోసారి వేసిందీ ఆరింది. దాన్నీ గీకుతున్నారు.”

“గుంటలు పడ్డాయి కాబట్టి గీకుతున్నాను. గుంటల రంగేసుకుని తిరుగుతావా? నలుగురూ నవ్వరూ?”

“కారు లోపల నలుగురెక్కడుంటారు? నేనొక్కదాన్నే ఉంటాను. నాకు నవ్వు రాదులెండి.” అక్క మెట్లవైపు తలెత్తింది. “ఒరేయ్ తమ్ముడూ, విన్నది చాలు గానీ దిగు. మీ బావకి నువ్వైనా చెప్పు.”

“వాడేం చెప్తాడు?” అన్నాడు బావ. “చదువుని నడిమధ్యలో దించేసి వచ్చినవాడు. వదిలెయ్యడం ఎలాగో వాణ్ణడుగు, పూర్తిచెయ్యడం ఎలాగో నన్నడుగు.”

“నువ్వు పూర్తిచేసినవి చూశాకే బావా, మధ్యలో వదిలెయ్యడం మేలనిపించింది,” అన్నాడు తమ్ముడు, మెట్లు దిగుతూ.

షెడ్డులో కారు కారులా లేదు. నాలుగు తలుపులకీ లోపలివైపు ఉండే ప్లాస్టిక్ పలకలు ఊడదీసేసరికి రేకూ, వైర్లూ, నల్లటి జిగురు మరకలూ బయటపడి, గుడ్డలు విప్పేసిన మనిషిలా సిగ్గుపడుతూ నిలబడి ఉంది. గేరు చుట్టూ ఉండే తొడుగు లేదు. డ్రైవరు సీటు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలూ, ఎప్పుడో పడిపోయిన ఒక దువ్వెనా ఉన్నాయి. ఊడదీసిన పలకలన్నీ పెరట్లో పాత పేపర్ల మీద వరసగా పడుకున్నాయి. వాటి మధ్య పీట వేసుకుని, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని బావ కూర్చున్నాడు. దూరంనుంచి చూస్తే ఏదో పెద్ద శస్త్రచికిత్స జరుగుతోందనుకుంటారు. దగ్గరికొస్తే తెలుస్తుంది, రోగి ఆరోగ్యంగానే ఉన్నాడనీ, జబ్బు డాక్టరుదనీ.

వీధిలో బావని అందరూ ‘మనమే గారు’ అంటారు. అసలు పేరుతో పిలిస్తే పోస్టుమాను కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. కుళాయి కారితే ‘మనమే చేసేసుకుంటే పోలా’, ఫ్యాను మూలిగితే ‘మనమే చూసేసుకుందాం’. అలా చేసేసుకున్న కుళాయి ఇప్పుడు ఎడమకి తిప్పితే ఆగుతుంది, కుడికి తిప్పితే ఊడి చేతికొస్తుంది. చూసేసుకున్న ఫ్యాను మూలగడం మానేసింది, గాలివ్వడం కూడా మానేసింది. ఒకసారి క్షవరం కూడా ఆయనే చేసేసుకుని వారం రోజులు టోపీతో ఫ్యాక్టరీకి వెళ్లాడు. టోపీ ఏమిటని అడిగిన వాళ్లకి జలుబని చెప్పాడు. అది మండు వేసవి.

ఇంత చేసినా ఆయన మొహంలో ఎప్పుడూ ఓడిపోయిన ఛాయ కనబడదు. కుళాయి పాడైతే పైపుది తప్పు, ఫ్యాను పాడైతే కరెంటుది తప్పు, జుట్టు పాడైతే అద్దంది తప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు ఈయన్ని చూస్తే లేచి కుర్చీ ఇస్తాడు.

ఉద్యోగం, నీళ్ల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోరుకీపరు. ఇనప జాలీ వెనక ఒక గూడు, గూట్లో ఒక బల్ల, బల్ల వెనక గోడ పొడుగునా చిన్న చిన్న రేకు పెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో సైజు బోల్టు, నట్టు, వాషరు. పనివాళ్లు జాలీ కిటికీలోంచి చెయ్యి చాపి అడగాలి. అడిగితే ఇవ్వడు. పాతది తెచ్చి చూపిస్తేనే కొత్తది. విరిగితే విరిగిన ముక్క తేవాలి. ఒకసారి ఒక ఫిట్టరు బోల్టు కాలవలో పడిపోయిందంటే, అంత పెద్ద మనిషినీ ప్యాంటు మడిచి కాలవలోకి దింపి వెతికించాడు. దొరికిన బోల్టుని కడిగించి, తుడిపించి, వెలుతురులో తిప్పి చూసి, “ఇది బాగానే ఉందిగా, కొత్తదెందుకు?” అని దాన్నే తిరిగి ఇచ్చాడు. ఆ ఫిట్టరు ఇప్పటికీ ఈయనకి ఎదురుపడితే రోడ్డు మారతాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ గూట్లోంచి ఇన్నేళ్లలో ఒక్క వాషరు కూడా తప్పిపోలేదు. ఇంట్లోనూ అంతే. గోడకి కొట్టిన మేకు వంగిపోతే, దాన్ని పీకి ఏ డబ్బాలో వేశాడో చీకట్లో అడిగినా చెప్తాడు. మేకుతో పని మాత్రం జరగదు. అది వేరే సంగతి.

ఇక కారు. ఫ్యాక్టరీ మేనేజరు వాడి వదిలేసింది. దాన్ని కొన్ననాటినుంచీ బావకి ఆదివారమంటే కారు. పొద్దున్నే బకెట్టు, మెత్తటి గుడ్డలు, ఒక సీసాలో షైనింగ్ నీళ్లు పట్టుకుని షెడ్డులోకి దిగేవాడు. డాష్‌బోర్డు, తలుపులు, గేరు తొడుగు, స్టీరింగు కింద ఎవరూ చూడని సందులూ అన్నీ రుద్ది రుద్ది, మొహం చూసుకునేలా మెరిపించేవాడు. ఎండకి ప్లాస్టిక్ వెలిసిపోయి బిస్కెట్ రంగు కాస్తా పాత పళ్ల రంగుకి దిగిపోయింది గానీ మెరుపు మాత్రం తగ్గలేదు. పైన పటారం లోన లొటారం అంటారు. ఈయన లోన కూడా పటారమే చేశాడు.

రుద్దడం అయ్యాక స్టార్ట్ చేసేవాడు. పాలబూత్ దాకా వెళ్లి, పార్కు మలుపు తిరిగి, మళ్లీ ఇంటికి. “ఇంజను పట్టెయ్యకుండా కాస్త కదిలించాలి,” అనేవాడు. కదిలించడమే. కాలనీ దాటాక మెయిన్ రోడ్డు, ఆ రోడ్డు మీద రైలు పట్టాలు దాటే పెద్ద వంతెన. ఊరంతా ఆ వంతెనకి అవతలే ఉంది. ఆసుపత్రి, బజారు, చుట్టాల ఇళ్లు అన్నీ అటే. పెళ్లిళ్లకీ పేరంటాలకీ మాత్రం అక్కాబావలు బస్సులోనే వెళ్లేవాళ్లు. ఒకసారి పార్కింగు దొరకదనేవాడు, ఒకసారి పెట్రోలు దండగ అనేవాడు, ఒకసారి వర్షం వచ్చేలా ఉందనేవాడు. ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో నిలబడి వెళ్లే మొగుణ్ణి చూసి చుట్టాలు పిసినారి అన్నారు. బావ కాదనలేదు. పైగా ఆ మాట వినబడితే ఒక రకంగా తృప్తిగా తలాడించేవాడు. ఎందుకో తమ్ముడికి అప్పుడు తెలీలేదు.

అక్కది పెద్దాసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. మడతలు పెట్టే బల్ల దగ్గర మొదలుపెట్టి, యంత్రాల దగ్గరికి, అక్కణ్ణుంచి లెక్క చూసే కుర్చీ దాకా వచ్చింది. ఈమధ్య వంతెన అవతల, ఆసుపత్రి పక్కనే, కొత్త లాండ్రీ కట్టారు. పొద్దుటి షిఫ్టుకి అక్కని సూపర్‌వైజరు చేస్తామన్నారు. షిఫ్టు అయిదింటికి. ఆ వేళకి బస్సు లేదు. “సోమవారం టైముకి వస్తే కుర్చీ మీది, రాలేకపోతే ఇంకొకావిడ కాచుక్కూర్చుంది,” అని లాండ్రీ ఆఫీసరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అక్క ఎవరికీ చెప్పకుండా, మధ్యాహ్నాలు డ్యూటీ దిగాక, ఆసుపత్రి వెనక వీధిలోని డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్చుకుంది. పరీక్ష పాసైంది. ఒక రాత్రి భోజనాల దగ్గర లైసెన్సు తీసి మంచినీళ్ల జగ్గు పక్కన పెట్టింది.

బావ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. స్టోర్లో బోల్టుని చూసినట్టే చూశాడు.

“ఫోటోలో చెవులు బాగా పడ్డాయి,” అన్నాడు.

మర్నాడే స్క్రూడ్రైవరు తీశాడు. “నువ్వు రోజూ తోలే బండి. లోపల అలా పాచిపళ్లలా ఉంటే ఏం బాగుంటుంది? బూడిద రంగేద్దాం, మురికి కనబడదు. బయట ఇస్తే పాడుచేస్తారు. మనమే వేసేసుకుందాం,” అన్నాడు.

అక్క మురిసిపోయింది. అదీ తమ్ముడికి తర్వాత మింగుడుపడనిది. లాండ్రీలో ఆడవాళ్లందరికీ, “మా ఆయన నాకోసం కారుకి రంగేస్తున్నాడమ్మా,” అని చెప్పుకుంది. తమ్ముడు కూడా ఒక పూట బావ గురించి మంచిగా అనుకున్నాడు. ఆ పూట వృథా అయిపోయింది.

మొదటి రంగు బావ నేరుగా కొట్టాడు. డబ్బా ఊపి, నొక్కి, దేవుడికి అభిషేకం చేసినట్టు గుమ్మరించాడు. కొట్టినంతసేపూ బాగానే ఉంది. కాసేపటికి రంగు తనంతట తానే అక్కడక్కడా పక్కకి జరగడం మొదలుపెట్టింది. పలకల నిండా చిన్న చిన్న గుంటలు, గుంటల అడుగున పాత బిస్కెట్ రంగు. మశూచి పోసిన మొహంలా తయారైంది. “డబ్బా పాతది,” అన్నాడు బావ.

ఒక పలకని సంకలో పెట్టుకుని బావా, తమ్ముడూ రంగుల కొట్టుకి వెళ్లారు. కొట్టువాడు కుర్చీలోంచి లేవలేదు. పలక మీద బొటనవేలు రుద్ది, వాసన చూసి, “దీనికి షైనింగ్ నీళ్లు పూస్తారా?” అని అడిగాడు.

“ప్రతి ఆదివారం,” అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని.

“ఎన్నాళ్ల నుంచి?”

“కొన్నప్పట్నుంచీ. ఒక్క వారం తప్పలేదు.”

“అదే మీ కొంప ముంచింది. ఆ జిడ్డు ప్లాస్టిక్‌ని పట్టేసింది. దాని మీద రంగు నిలబడదు, జారిపోతుంది. ముందు సబ్బుతో కడగండి. తర్వాత స్పిరిట్‌తో తుడవండి. అప్పుడు గరుకు కాగితం పెట్టండి. ముందే గరుకు పెట్టారో, జిడ్డుని ఇంకా లోపలికి రుద్దినట్టే. ఆ పైన ప్లాస్టిక్ ప్రైమరు, దాని మీద పల్చగా రంగు.” కొట్టువాడు పలకని వెనక్కిస్తూ నవ్వాడు. “అడుగుతున్నానని ఏమనుకోకండి. ఇంతలా పూసి రుద్దుతూ కూర్చుంటే బండి తోలేదెప్పుడండీ?”

తమ్ముడు కూడా నవ్వాడు. బావ నవ్వలేదు. దారిలో, “డబ్బాలు అమ్ముకోవడానికి సవాలక్ష చెప్తాడు వాడు. స్పిరిట్టట, ప్రైమరట. మనమేం పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నామా?” అన్నాడు. ఇంటికెళ్లి సబ్బు ముట్టకుండా గరుకు కాగితం పెట్టాడు. రంగు కొట్టాడు. మళ్లీ గుంటలు. అప్పటికి శనివారమైంది. అదీ ఈ పోట్లాట.

“ఇటివ్వు బావా, నేను వేస్తాను,” అన్నాడు తమ్ముడు.

“నీకేం తెలుసని?”

“నాకేం తెలీదు. అందుకే కొట్టువాడు చెప్పినట్టు చేస్తాను.”

బావ పీట మీంచి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక కూడా కాగితం ముక్కని చేతిలోంచి వదల్లేదు. అక్క వచ్చి వేళ్లు విడదీసి లాక్కుంది.

తమ్ముడు పలకలన్నిటినీ సబ్బుతో కడిగాడు. గిన్నెలు తోమినట్టు తోమాడు. స్పిరిట్‌తో తుడిస్తే గుడ్డకి పసుపుపచ్చటి జిడ్డు వచ్చింది. రెండోసారి తుడిచినా వచ్చింది. ఒక మనిషి ఆదివారాలన్నీ అలా గుడ్డకి అంటుకుని వస్తుంటే తమ్ముడికి ఒకపక్క అసహ్యం, ఒకపక్క నవ్వు. జిడ్డు రావడం ఆగాక గరుకు పెట్టాడు, ప్రైమరు కొట్టాడు, ఆరాక పల్చగా రంగు కొట్టాడు. ఆదివారం పొద్దెక్కేసరికి పలకలన్నీ ఒకే తీరున, మెరుపు లేకుండా, నిండుగా బూడిద రంగులో ఉన్నాయి. గుంట కాదు కదా, గీత లేదు. తమ్ముడు కాసేపు వాటి చుట్టూ ఊరికే తిరిగాడు. జీవితంలో మొదలుపెట్టిన ఒక పని పూర్తి కావడం ఎలా ఉంటుందో అతనికి అదే మొదటి అనుభవం. ఎవరైనా చూసి ఏదైనా అంటే బాగుండుననిపించింది.

అక్క చూసింది. వేలితో తాకి, “కొత్త కారులా ఉందిరా,” అంది. “మధ్యాహ్నం బిగించెయ్. ముందు సీటు బిగించు. ఒకసారి కూర్చుని చూసుకుంటాను.”

సీటు తెచ్చారు. బోల్టులు లేవు.

“ఇక్కడే పెట్టానే,” అన్నాడు బావ. “ఈ డబ్బాలోనే. ఎవరు తీశారో.”

షెడ్డంతా వెతికారు. డబ్బాలన్నీ బోర్లించారు. బావ కూడా వెతికాడు, కానీ వెతికిన చోటే వెతికాడు. తమ్ముడు కారు కింద ఏమైనా దొర్లాయేమోనని నేల మీద బోర్లా పడుకుని చూశాడు. బోల్టులు కనబడలేదు గానీ టైరు కనబడింది. మొహానికి జానెడు దూరంలో. కొత్త టైర్ల మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి, నాలుగు రోజులు రోడ్డు మీద తిరిగితే రాలిపోతాయి. బావ కారు కొన్నాక మార్పించిన టైర్లు అవి. మార్పించి ఎన్నో ఏళ్లయింది. వెంట్రుకలు ఇంకా నిటారుగా నిలబడి ఉన్నాయి, మంగలి చెయ్యి తగలని పసివాడి నెత్తిలా.

తమ్ముడు అలాగే పడుకుని కాసేపు ఆలోచించాడు. పాలబూత్. పార్కు మలుపు. బస్సులో నిలబడి వెళ్లిన పెళ్లిళ్లు. పిసినారి అంటే తలాడించడం. కొట్టువాడి నవ్వు. ఇన్నేళ్లలో ఒక్క వాషరు పోగొట్టుకోని మనిషికి నాలుగు బోల్టులు కనబడకపోవడం.

కారు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చేసరికి, పెరట్లో బావ పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డ్రైవరు వైపు తలుపు పలక. చేతిలో కొత్త గరుకు కాగితం. తమ్ముడు వేసిన రంగుని మూల నుంచి మెల్లగా, జాగ్రత్తగా గీకుతున్నాడు. ఈసారి గుంటలేం లేవు. బాగా వచ్చినదాన్నే గీకుతున్నాడు.

తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏంటి బావా అది?”

“ఇక్కడ చిన్న నలక పడింది.”

“ఎక్కడ?”

“పోయింది. గీకేశాను.”

“బోల్టులేవి?”

“నన్నడుగుతావేంట్రా? నేనేమైనా దాచానా?”

“దాచావని నేననలేదే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నావు.” తమ్ముడు నేల మీదే చతికిలబడ్డాడు. “టైర్లు చూశాను బావా. ఈ కారు ఎప్పుడైనా వంతెన ఎక్కిందా?”

కాగితం ఆగింది. ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు కిందికి లాక్కుని, వంటింటి వైపు ఒకసారి చూసి, బావ గొంతు తగ్గించాడు.

“ఎక్కింది. ఒకసారి.”

కారు కొన్న కొత్తలో, ఒంటరిగా. వంతెన ఎత్తులో ముందు లారీ ఆగింది, ఈయనా ఆగాడు. మళ్లీ కదిలించబోతే ఇంజను ఆగిపోయింది, బండి వెనక్కి జారింది. వెనక బస్సు. హారన్లు. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది, ఇంకాస్త జారింది. అప్పుడు బస్సు కండక్టరు దిగొచ్చి, టిక్కెట్ల సంచీ భుజాన్నే ఉండగా, “పక్కకి జరగండి సార్,” అన్నాడు. ఈయన జరిగాడు. కండక్టరు కారుని వంతెన దాటించి, కింద పక్కకి ఆపి, తాళం చేతిలో పెట్టి, నడుచుకుంటూ తన బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు. బస్సు పక్కనుంచి వెళ్తుంటే కిటికీల్లోంచి అందరూ చూశారు. ఒకడు చప్పట్లు కొట్టాడు. ఈయన చీకటిపడేదాకా అక్కడే కూర్చుని, ఊరి చివర రైలు గేటు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికొచ్చాడు.

“దానికా?” అన్నాడు తమ్ముడు.

“దానికే.”

“ఎవరైనా గుద్దారా? దెబ్బ తగిలిందా?”

“చప్పట్లు కొట్టాడని చెప్పానుగా.”

తమ్ముడికి నవ్వాలో తన్నాలో తెలీలేదు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటే ఏదో సామెత అనుకున్నాడు గానీ, పిల్లి పీట వేసుకుని ఎదురుగా కూర్చుని కథ చెప్తుందనుకోలేదు. పిరికివాడనిపించుకునే కన్నా పిసినారి అనిపించుకోవడం గౌరవమని, పెళ్లాన్ని ఇన్నేళ్లు బస్సుల్లో నిలబెట్టిన మనిషి. ఇప్పుడు ఆవిడ కుర్చీకి కూడా ఎసరు పెడుతున్నాడు.

“మీ అక్కకీ అలాగే అవుతుందిరా,” అన్నాడు బావ. “కొత్త చెయ్యి. నలుగురి ముందూ ఆగిపోతే పాపం...”

“ఆగిపోతుందని భయమా బావా, ఆగిపోదని భయమా?”

బావ రుమాలు మళ్లీ ముక్కు మీదికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం అక్క బట్టలు నానబెట్టడానికి కూర్చుంది. లాండ్రీలో పనిచేసేవాళ్లు జేబులు చూడకుండా ఏ గుడ్డనీ నీళ్లలో వెయ్యరు. అది వాళ్లకి ఊపిరి పీల్చడం లాంటిది. ఆసుపత్రి గుడ్డల్లో ఏం రావు? కత్తెర్లు, ఉంగరాలు, ఇంజెక్షన్ సూదులు. ఇన్నేళ్లు అలాంటి ఆవిడతో కాపురం చేసి, ఆవిడ ఉతికే ప్యాంటు జేబులో బోల్టులు దాచుకున్నాడంటే, ఆ మహానుభావుడు పెళ్లాం ఏం పని చేస్తుందో ఒక్కసారి కూడా వివరంగా అడిగి ఉండడు.

అక్క పెరట్లోకి వచ్చింది. నాలుగు బోల్టుల్నీ, మూల గీకేసిన పలక మీద, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. లైసెన్సు పెట్టినంత నెమ్మదిగానే పెట్టింది.

“మా లాండ్రీలో ఒకసారి కట్టుడుపళ్లు దొరికాయి,” అంది. “ఎవరివో తెలుసుకోవడానికి వార్డంతా తిరిగి ఒక్కొక్కళ్లనీ నవ్వించాల్సొచ్చింది. వీటికి ఆ శ్రమ లేదు.”

బావ పలక వైపే చూస్తూ కూర్చున్నాడు.

“అది కాదే, నేనసలు...”

“చెప్పొద్దు. ఇప్పుడు చెప్తే నాకు కోపమొస్తుంది. కోపంగా ఉన్నప్పుడు బండి తోలకూడదని స్కూల్లో చెప్పారు.” తమ్ముడి వైపు తిరిగింది. “సీటొక్కటి బిగించరా. పలకలు అలాగే ఉండనీ. మీ బావకి తీరిక ఎక్కువ, గీక్కుంటారు.”

సోమవారం అక్క అలాగే బయల్దేరింది. నాలుగు తలుపులూ రేకు, వైర్లతో నగ్నంగా ఉన్నాయి. అద్దం దింపాలంటే తిప్పే పిడి లేదు. తలుపు వేసుకోవాలంటే లోపలి కడ్డీ పట్టుకుని లాగాలి. తమ్ముడు పక్క సీట్లో కూర్చున్నాడు. బావ గేటు తీసి నిలబడ్డాడు, కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకునే ఉన్నాడు.

వంతెన ఎత్తులో కూరగాయల లారీ ఆగింది. అక్కా ఆగింది. లారీ కదిలాక అక్క కదిలించబోతే ఇంజను టక్కుమని ఆగిపోయింది. కారు జానెడు వెనక్కి జారింది. వెనకనుంచి హారన్. తమ్ముడు లోపలి కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. అక్క చేతిబ్రేకు లాగింది. అద్దంలోకి చూసి, “వెళ్తున్నాలేవయ్యా, నీ కొంపేం అంటుకోలేదు,” అంది, వాడికి వినబడదని తెలిసీ. స్టార్ట్ చేసింది. ఇంజను గొంతు పెరిగేదాకా ఆగి బ్రేకు వదిలింది. వంతెన అయిపోయింది.

కొత్త లాండ్రీ ముందు కారాపి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, పైటకి బ్యాడ్జి పెట్టుకుని లోపలికెళ్లింది. టైముకి ముందే. తమ్ముడు మొదటి బస్సు వచ్చేదాకా కాచుకుని ఇంటికి తిరిగొచ్చాడు.

బావ ఫ్యాక్టరీకి వెళ్లలేదు. అక్కడ జాలీ ముందు పనివాళ్లు పాత బోల్టులు చేత్తో పట్టుకుని వరస కట్టి ఉంటారు. ఈయన మాత్రం షెడ్డులో, కారు లేని ఖాళీలో, గోడకి చేరేసిన బూడిద రంగు పలకల ముందు నిలబడి ఉన్నాడు. గీకేసిన మూలకి మళ్లీ ప్రైమరు కొట్టినట్టుంది. చేతికి రంగు. పక్కన సబ్బునీళ్ల బకెట్టు, స్పిరిట్ సీసా. ఈసారి వరస తప్పలేదు.

“వంతెన మీద ఆగిందా?” అన్నాడు, తల తిప్పకుండా.

“ఆగింది.”

“జారిందా?”

“జారింది.”

“మరి?”

“మళ్లీ స్టార్ట్ చేసింది. అంతే.”

“అంతేనా?”

“అంతే బావా. చప్పట్లు కూడా ఎవరూ కొట్టలేదు.”

బావ పలక మూల మీద పడ్డ వెలుతురుని అటు నుంచి ఇటు నుంచి చూశాడు. తమ్ముడు మేడమెట్లు ఎక్కబోతుంటే వెనకనుంచి పిలిచాడు. పిలుపులో ఎప్పుడూ ఉండే ‘ఒరేయ్’ లేదు.

“ఆదివారం మీ అక్క ఎలాగూ బండి బయటికి తీస్తుంది కదా. నన్ను కూడా ఎక్కించుకోమని నువ్వే అను. నేనడిగానని మాత్రం అనకు. నువ్వే ముందు కూర్చో, నేను వెనక కూర్చుంటాను.” ఆగాడు. చేతికంటిన రంగుని గోటితో గీక్కున్నాడు. “వెనక సీట్లోంచి ఆవిడ కాళ్లు కనబడతాయా? ఎప్పుడు ఏది తొక్కుతోందో? కనబడవంటే... నువ్వే ఏదో ఒకటి చెప్పి వెనక్కి వెళ్లు. నన్ను ముందు కూర్చోనీ.”